ప్లెయిన్స్‌బరో పాలచక్రం

మా మనవరాలు బడిలో ఇచ్చిన పని ఒకటి పట్టుకుని వచ్చి, "తాతయ్యా, మన ఊళ్లో ఒక ఆవుకి సమాధి ఉందిట, చూపిస్తావా?" అని అడిగిన రోజున మాకు నవ్వు వచ్చింది. ఆవుకి సమాధి ఏమిటి, అదీ అమెరికాలో, అనుకున్నాము. ప్లెయిన్స్‌బరోకి వచ్చి ఇన్నేళ్లయినా మాకు తెలిసిన ఊరు వేరు. మొదట అద్దెకున్న అపార్టుమెంటు, రోజూ రైలెక్కే ప్రిన్స్‌టన్ జంక్షను, సాయంకాలం రూట్ వన్ మీద కదలని కార్ల బారు, శని ఆదివారాలు పిల్లల సంగీతం పాఠాలు. మాకు ముందు ఇక్కడ ఏముండేదన్న ఆలోచన, సిగ్గు విడిచి చెప్పాలంటే, మాకెన్నడూ రాలేదు.

వెతుక్కుంటూ వెళ్లాము. వాకర్-గోర్డన్ అన్న పేరున్న ఇళ్ల కాలనీ దగ్గర నిజంగానే ఒక రాయి కనబడింది. అది ఎల్సీ అనే జెర్సీ ఆవు స్మారకశిల. బోర్డెన్ కంపెనీ పాలడబ్బాల మీద మెడలో పూలదండతో నవ్వే ఆవు బొమ్మను ఇక్కడి పాతవాళ్లందరూ ఎరుగుదురు. ఆ బొమ్మకు ప్రాణం పోసిన ఆవు ఇదే. పసుపు కుంకుమలతో గోపూజ చేసే ఇళ్ల నుంచి వచ్చిన మనకు, ఆవుకి రాయి నిలబెట్టిన ఊరి మీద ఒక్కసారిగా బంధుత్వం పుట్టడంలో ఆశ్చర్యమేముంది? అయితే ఆ రాయి దగ్గర నిలబడి మనవరాలు అడిగిన రెండో ప్రశ్నకు మాత్రం మా దగ్గర జవాబు లేకపోయింది. "మరి ఆవులు తిరిగిన చక్రం ఏదీ?"

ఆ చక్రం కథ చెప్పాలంటే పంతొమ్మిదో శతాబ్దం చివరికి వెళ్లాలి. ఆ రోజుల్లో అమెరికా పట్నాలలో పాలు తాగి పసిపిల్లలు జబ్బుపడి చనిపోవడం మామూలు. పాలు పల్లెల నుంచి పట్నం చేరేసరికి దుమ్మూ ధూళీ పడి, విరిగి, నానా రోగాలనూ మోసుకొచ్చేవి. 1891లో బోస్టనులో మొదలైన వాకర్-గోర్డన్ లేబొరేటరీ అనే సంస్థ, మందుల షాపులో చీటీ చూపించి మందు కట్టించుకున్నట్టు, డాక్టరు రాసిన చీటీ ప్రకారం పసివాళ్లకు పాలు కలిపి ఇచ్చేది. ఇక్కడికి దగ్గరలోని న్యూఆర్కులో హెన్రీ కాయిట్ అనే డాక్టరు 1893లో డాక్టర్ల సంఘం తనిఖీ చేసి ముద్ర వేసిన పాలు అమ్మే పద్ధతికి నాంది పలికాడు. వాకర్-గోర్డన్ వాళ్లు న్యూయార్కుకూ ఫిలడెల్ఫియాకూ రైలుదారి మధ్యలో ఉన్న ప్లెయిన్స్‌బరోకి 1897లో వచ్చారు. 1919లో ఈ ఊరు విడి టౌన్‌షిప్పుగా ఏర్పడింది. అప్పటికే ఊరంటే డెయిరీ, డెయిరీ అంటే ఊరు.

ఆ డెయిరీని నడిపిన హెన్రీ జెఫర్స్‌కు ఒక చిక్కు వచ్చింది. వందల ఆవులు పెరిగాయి. మనిషి ఒక్కో ఆవు దగ్గరికి వెళ్లి, కడిగి, తుడిచి, పితికి, మరో ఆవు దగ్గరికి నడిచి వెళ్లడంలోనే పొద్దు గడిచిపోయేది. పైగా కొట్టంలోని దుమ్ము పాలలో పడకుండా ఆపడం కష్టం. అప్పుడాయనకు తట్టిన ఉపాయం మన పల్లెవాళ్లకు చెబితే ముక్కున వేలేసుకుంటారు. మనిషి ఆవు దగ్గరికి వెళ్లే బదులు, ఆవునే మనిషి దగ్గరికి తిప్పడం!

మన ఇళ్లలో పాలు పితకడం ఎలా ఉండేదో ఈ తరం పిల్లలకు ఒక్కసారి చెప్పడం మంచిది. తెల్లవారుజామున దూడను విడిస్తేగాని ఆవు చేపదు. దూడ నాలుగు గుక్కలు తాగాక దాన్ని లాగి తల్లి ముందు కట్టేసి, పొదుగు నీళ్లతో కడిగి, మోకాళ్ల మధ్య చెంబు ఇరికించుకుని కూర్చుంటే, పాలధార చెంబులో చుయ్యిమని పడే చప్పుడుకు ఇల్లు లేచేది. నురుగుతో ఉన్న గుమ్మపాలు పిల్లలకు గ్లాసులో పోసి ఇచ్చేవారు. కొత్తమనిషి దగ్గరికి వస్తే చాలు, ఆవు పాలు ఎగబట్టేది. అలాంటి ఆవును తిరిగే యంత్రం మీద ఎక్కించి, యాభై ఆవుల మధ్య నిలబెట్టి, చుట్టూ జనం చూస్తుండగా పాలు పిండవచ్చునని ఎవరు నమ్ముతారు?

1930 నవంబరు 13న ప్లెయిన్స్‌బరోలో అది నడిచింది. దానికి రోటోలాక్టర్ అని పేరు పెట్టారు. మేము దాన్ని పాలచక్రం అంటున్నాము. పెద్ద రంగులరాట్నం లాంటి గుండ్రని వేదిక మీద యాభై ఆవులకు యాభై అరలు. ఆవు ఒక పక్కనుంచి ఎక్కుతుంది. వేదిక మెల్లగా తిరుగుతూ ఉండగా గోరువెచ్చని నీళ్ల జల్లు ఆవును కడుగుతుంది, తుడవడం అవుతుంది, పాలు తీసే గొట్టాలు తగిలిస్తారు, పాలు పైనున్న గాజు జాడీలోకి చేరతాయి. ఒక చుట్టు పూర్తి కావడానికి పన్నెండున్నర నిమిషాలు. చుట్టు తిరిగేసరికి ఆవు పని అయిపోతుంది, దిగి తన కొట్టానికి పోతుంది, ఆ ఖాళీలోకి ఇంకొకటి ఎక్కుతుంది. ఈ విధంగా 1,680 ఆవుల పాలు తీయగలిగేవారు. పనివాడు నిలబడ్డచోటనే ఉంటాడు, ఆవులే ఆయన ముందుకు వస్తాయి. ఫోర్డు కారు తయారయ్యే పద్ధతిని గోశాలకు తెచ్చారన్నమాట.

ఇక్కడ మాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచినది యంత్రం కాదు, దాని చుట్టూ బిగించిన అద్దాలు. జెఫర్స్ ఆ యంత్రాన్ని దాచుకోలేదు. జనం వచ్చి అద్దాల వెనక నిలబడి మొత్తం చూడడానికి ఏర్పాటు చేశాడు. ఏడాదికి రెండున్నర లక్షల మంది వచ్చి చూసేవారని చెబుతారు. బడిపిల్లలు, డాక్టర్లు, దూరదేశాల రైతులు, బిడ్డను చంకన వేసుకున్న తల్లులు వచ్చి, తాము కొనే సీసాలోని పాలు ఎక్కడినుంచి, ఎలా వస్తున్నాయో కళ్లారా చూసి వెళ్లేవారు. పాలమీద నమ్మకం పోయిన కాలంలో నమ్మకం తిరిగి తెచ్చింది ఆ అద్దాలే అంటే అతిశయోక్తి కాదు. సామాన్యజనం కోసం పెట్టిన సాంకేతిక వస్తుప్రదర్శనశాల అని మనం ఈనాడు దేన్నంటామో, అది ఆ పేరు లేకుండానే మన ఊళ్లో నలభై ఏళ్లు నడిచింది.

1939లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో బోర్డెన్ కంపెనీవారు ఇటువంటి చక్రాన్నే పెట్టి, నూటయాభై ఆవులను నిలిపి జనానికి చూపించారు. వచ్చినవాళ్లలో చాలామంది యంత్రం సంగతి వదిలిపెట్టి, "ఇందులో ఎల్సీ ఏది?" అని అడగడం మొదలుపెట్టారట. అప్పటిదాకా ఎల్సీ అన్నది కాగితం మీద బొమ్మే. జనం కోరిక తీర్చడానికి మందలోంచి ముచ్చటైన ఒక జెర్సీ ఆవును ఎంచి దానికా పేరు పెట్టారు. 1941లో లారీ ప్రమాదంలో దెబ్బతిని ఆ ఆవు పోతే, ప్లెయిన్స్‌బరోలోనే పూడ్చారు. మనిషికి యంత్రం కన్నా ప్రాణి మీదే మక్కువ. మ్యూజియం పెట్టేవాళ్లు ఈ సంగతి మరచిపోకూడదు.

1971లో డెయిరీ మూతపడింది. పాశ్చరైజు చేసిన పాలు అంతటా చవకగా దొరకడంతో ముద్రపాలకు గిరాకీ తగ్గిపోయింది. మేతపొలాల్లో తర్వాతి కాలంలో ఇళ్లు లేచాయి. ఆ ఇళ్లలో కొన్ని మనవే. వికాఫ్ హౌస్ అనే పాత ఇంట్లో ఊరి మ్యూజియం ఉన్నది కనుక ఆ కాలపు జ్ఞాపకాలు కొన్నయినా చూడగలుగుతున్నాము. ఆ పని తలపెట్టి నడుపుతున్న ఊరివాళ్లకు మనం ఋణపడి ఉన్నాము. కాని ఆవుల్ని ఎక్కించుకుని తిరిగే చక్రం ఇక లేదు. తిరిగే చక్రం మీద పాలు తీసే పద్ధతి ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద డెయిరీలలో వాడుకలో ఉంది. పుట్టిన ఊళ్లోనే దాన్ని చూడలేము.

ఎందుకిలా జరిగిందని ఆలోచిస్తే మాకొకటి తోచింది. యంత్రం నడుస్తున్నంతకాలం అదే మ్యూజియం. వేరే మ్యూజియం కావాలని ఎవరికీ తోచదు. ఆగిపోయిన మర్నాడు అది ఇనుము. ఆ రెంటి మధ్య ఉండే వ్యవధి చాలా చిన్నది.

ఇది ప్లెయిన్స్‌బరోకే పట్టిన గతి కాదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ పట్టణంలోని మెన్లోపార్కులో ఎడిసన్ మహాశయుడు విద్యుద్దీపం మీద కృషి చేసిన ప్రయోగశాల ఉండేది. పాడుబడి పడిపోయిన దాన్ని 1929లో హెన్రీ ఫోర్డ్ మిషిగన్‌లోని తన గ్రామప్రదర్శనశాలలో తిరిగి కట్టించాడు. మిగిలిన చెక్కాముక్కలతోపాటు ఇక్కడి మట్టి కూడా బండ్లకెత్తించి తీసుకుపోయాడు. మనకు ఇక్కడ మిగిలింది 1938లో ప్రారంభమైన స్మారకస్తంభం, దాని పక్కన చిన్న మ్యూజియం.

ఇంకా దగ్గరికి రండి. ప్లెయిన్స్‌బరో పక్కనే, 1942లో ఆర్‌.సి.ఏ. వారి పరిశోధనాలయం వెలసింది. రంగుల టెలివిజను ఇప్పటి రూపానికి రావడంలోనూ, ఈనాడు మన జేబుల్లో వెలిగే పలచని తెరలకు మూలమైన ద్రవస్ఫటికాల తెరను 1968లో లోకానికి చూపించడంలోనూ ఆ చోటికి ప్రధానపాత్ర ఉంది. కంపెనీ పెద్ద డేవిడ్ సార్నాఫ్ తొమ్మిదేళ్ల వయసులో మిన్స్క్ ప్రాంతపు పల్లె నుంచి వచ్చి న్యూయార్కు వీధుల్లో పత్రికలు అమ్మిన పిల్లవాడు. మనలాగే వలస వచ్చినవాడే. ఆయన బతికుండగానే 1967లో ఆయన పేరిట అక్కడ గ్రంథాలయమూ ప్రదర్శనశాలా పెట్టారు. 1986లో ఆర్‌.సి.ఏ. మరో కంపెనీ చేతికి పోయింది. 2009లో ఆ గ్రంథాలయం మూతపడింది. అయితే ఇక్కడ కథ వేరుగా నడిచింది. కాగితాలు డెలావేరులోని హాగ్లీ మ్యూజియానికి చేరాయి. ఆరువేలకు పైగా వస్తువులను యూయింగులోని కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ తీసుకుని ప్రదర్శనకు పెట్టింది. ఇల్లు పోయినా సామాను దక్కింది. ఎందుకంటే వస్తువులకు చీటీలు కట్టి, ఏది ఏమిటో రాసిపెట్టినవాళ్లు ముందునుంచీ ఉన్నారు.

మూడోది మన టౌన్‌షిప్పులోనే, ఫారెస్టల్ ఆవరణలో ఉన్న ప్లాస్మా భౌతికశాస్త్ర ప్రయోగశాల. సూర్యుడిలో జరిగే సంలీనక్రియను భూమి మీద సాధించాలని 1951లో లైమన్ స్పిట్జర్ మొదలుపెట్టిన పని అది. అక్కడి టోకమాక్ యంత్రం 1982 నుంచి 1997 దాకా నడిచి, 1994లో కోటి వాట్లకు పైగా సంలీనశక్తిని క్షణకాలం పుట్టించి రికార్డు నెలకొల్పింది. పని అయ్యాక రేడియోధార్మికత కారణంగా దాన్ని వజ్రపు తీగలతో ముక్కలు కోసి తీసివేయవలసి వచ్చింది. దాచుకుందామన్నా దాచుకోలేని యంత్రాలు ఉంటాయి. అటువంటివాటికి మిగిలేది నడిపిన మనుషుల నోటిమాటే.

సామాన్యులకోసం సాంకేతిక మ్యూజియాలు పెట్టినవాళ్లు ఎలా పెట్టారన్నది కూడా తెలుసుకోదగిన చరిత్ర. ఆస్కార్ వాన్ మిల్లర్ అనే ఇంజనీరు 1903లో మ్యూనిక్‌లో పూనుకుని, ముందు అరువుగదుల్లో ప్రదర్శన పెట్టి, చివరికి 1925లో నదిలోని లంక మీద సొంత భవనంలో డాయిషెస్ మ్యూజియం తెరిచాడు. అద్దాలపెట్టెల్లో పెట్టి "ముట్టుకోరాదు" అని బోర్డు తగిలించే ఆచారానికి ఆయన స్వస్తి చెప్పాడు. పిడి తిప్పితే యంత్రం తిరగాలి, మీట నొక్కితే పనిచేయాలి. దాన్ని చూసి మురిసిన షికాగో వర్తకుడు జూలియస్ రోజెన్‌వాల్డ్ తన ఊళ్లో అటువంటిదే కావాలన్నాడు. అది 1933లో తెరుచుకుంది. అదే మ్యూనిక్ మ్యూజియం చూసి వచ్చిన బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్‌చంద్ర రాయ్ ప్రోద్బలంతో 1959లో కలకత్తాలో బిర్లా పారిశ్రామిక సాంకేతిక మ్యూజియం వచ్చింది. 1965లో ఆ కలకత్తా మ్యూజియంవారు బస్సులో ప్రదర్శన సర్ది పల్లెల బడులకు తీసుకెళ్లారు. అదే ఏడాది బెంగుళూరులో విశ్వేశ్వరయ్యగారి పేరిట మ్యూజియం జనానికి తెరిచారు. మనలో బెంగుళూరు మీదుగా వచ్చినవారు ఎంతమంది అక్కడ పిడి తిప్పి బల్బు వెలిగించి ఉంటారో! హైదరాబాదులో నౌబత్‌పహాడ్ మీద 1985లో నక్షత్రశాల, 1990లో సైన్సు మ్యూజియం వచ్చాయి.

నిజానికి తెలుగువాడికి పనిచేసే యంత్రాన్ని చూసే సరదా నేర్పింది సాలార్‌జంగ్ మ్యూజియంలోని గడియారం అని మా అనుమానం. గంట కొట్టబోయే ముందు ఆ చిన్న మనిషి బయటికి వచ్చి గంట మోగించేదాకా జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. వెనక గదుల్లో ఎంతో విలువైన వస్తువులున్నా, వాటి ముందు ఇంతమంది ఒక్కసారి గుమిగూడడం మేమెన్నడూ చూడలేదు. కదిలే వస్తువుకు ఉండే ఆకర్షణ అది.

విశాఖపట్నం వాళ్లు చేసిన పని మరీ మెచ్చుకోదగినది. 1969లో నౌకాదళంలో చేరిన కుర్సురా జలాంతర్గామి 2001 ఫిబ్రవరిలో విరమించింది. పాత ఇనుముగా పోకముందే దాన్ని రామకృష్ణా బీచి ఇసుక మీదికి లాగి, 2002 ఆగస్టుకల్లా మ్యూజియం చేశారు. లోపల దారి చూపించేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవాళ్లు. ఇరుకుబల్ల మీద ఎలా పడుకునేవారో, నీళ్ల పొదుపు ఎలా చేసేవారో వాళ్లు చెబుతూంటే, అక్కడ గోడకి తగిలించిన బోర్డులు చదివేవాళ్లుండరు.

ఇదంతా ఈ సంచికలో ఎందుకంటే, మన సంగతి చెప్పడానికే. 1965లో వలసచట్టం మారిన తర్వాత ఈ దేశానికి వచ్చిన మొదటి తెలుగు ఇంజనీర్లు, డాక్టర్లు చేత్తో ఏం పట్టుకుని వచ్చారు? స్లైడ్ రూలు, లాగరిథం పట్టికలు, మినీ డ్రాఫ్టరు. తర్వాతివారు పంచ్ కార్డుల పెట్టెలు మోశారు. ఇంకా తర్వాతివారు రెండువేల సంవత్సరం తేదీలు సరిచేయడానికి కోబాల్ ప్రోగ్రాములు రాత్రింబగళ్లు తిరగరాశారు. ఈ పనులన్నీ మన పిల్లలకు "నాన్న ఆఫీసుకు వెళ్లేవాడు" అన్న ఒక్క మాటగా మిగిలిపోతున్నాయి.

మా సంఘమే చేసిన తప్పు ఒకటి ఒప్పుకుంటాము. తొలిరోజుల్లో మన సంచికలకు తెలుగు అచ్చు ఎక్కడిది? చేతిరాత బాగున్నవారు పేజీలన్నీ రాసేవారు, వాటిని ప్రతులు తీసేవాళ్లం. తర్వాత ఎవరో హైదరాబాదు నుంచి తెలుగు టైపుమిషను ఒకటి సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చారు. విమానాశ్రయంలో అది ఏమిటో అధికారులకు విప్పి చెప్పేసరికి తల ప్రాణం తోకకు వచ్చిందిట. ఒత్తు పెట్టాలంటే ఒక తిప్పలు, గుడి దీర్ఘం పెట్టాలంటే మరో తిప్పలు. పదేళ్లు దానిమీదే ఆహ్వానాలు, నాటకాలు, పెళ్లి శుభలేఖలు అచ్చయ్యాయి. ఒకరింటి బేస్‌మెంటు నుంచి ఇంకొకరి బేస్‌మెంటుకు మారుతూ, చివరికి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చెత్తతో వెళ్లిపోయింది. పారేసినవారి తప్పేమీ లేదు. అది ఏమిటో, ఎవరిదో దానిమీద ఎవరమూ రాసిపెట్టలేదు. ప్లెయిన్స్‌బరో పాలచక్రం పోయిందని విచారించే హక్కు మాకెంతవరకు ఉన్నదో పాఠకులే చెప్పాలి.

అందుచేత ఈ ఉత్సవంలో హాలు ముందువరండాలో ఒక చిన్న ప్రదర్శన పెట్టాలని సంకల్పించాము. మ్యూజియం అనేంత పెద్ద మాట వాడడానికి జంకుగా ఉంది, అయినా మ్యూనిక్ వాళ్లూ అరువుగదుల్లోనే మొదలుపెట్టారు కదా అని ధైర్యం చెప్పుకుంటున్నాము. స్వదేశపు సాంకేతికత కూడా ఉండాలని మా కోరిక. పోచంపల్లి చీరకు నూలును మేకుల చుట్టూ వేలసార్లు చెయ్యి తిప్పి పోసే ఆసుపని చేసి తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేక, ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం పెద్ద చదువు లేకుండానే ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999లో ఆసుయంత్రం తయారుచేశారు. దానికి తల్లి లక్ష్మిగారి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం ఇక్కడికి తేలేము గాని, చెక్కమీద మేకులు కొట్టి, నూలు ఇచ్చి, పిల్లలచేత వందసార్లు చెయ్యి తిప్పించవచ్చును. వంద తర్వాత ఎవరైనా అడుగుతారు, "దీనికి మిషను లేదా?" అని. చెప్పడానికి ఒక పెద్దావిడ ఒప్పుకున్నారు. ఆవిడ చిన్నతనంలో ఆసు పోసినవారే.

వస్తువులు ఇవ్వదలచినవారికి మనవి. పనిచేయనిదైనా సరే తీసుకురండి, బాగుచేయగలవారు మనలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఒక అట్టముక్క మీద వస్తువు పేరు, వాడినవారి పేరు, ఏ ఊళ్లో, ఏ ఏళ్లలో, ఏ పనికి వాడారో తెలుగులో ఒకవైపూ ఇంగ్లీషులో ఒకవైపూ రాసి దారంతో కట్టండి. తెలుగు రాయడం రాని పిల్లలు తాతయ్యలచేత, అమ్మమ్మలచేత రాయించవలసింది. పాలుపితికిన ఇత్తడి చెంబులు ఎవరి దగ్గరైనా ఉంటే తప్పక తేవాలి. వికాఫ్ హౌస్ మ్యూజియానికి ఆ ఉదయమే పిల్లలను తీసుకువెళ్లి వస్తాము, రాదలచినవారు పదిగంటలకు హాలు దగ్గర కలుసుకోవచ్చును.